మన్యసీమలో పరపతి చరిత్రము

ధనము రెండు విధములు. పెట్టెలో నుండునది యొకటి. పేరులో నుండునది మఱియొకటి. పెట్టెలోని ధనమును దొంగ యెత్తుకొనిపోవచ్చును, అగ్ని దహింపవచ్చును. పేరులోని ధనమును యజమానుడు తానై చెఱుపుకొన్ననే తప్ప అన్యులు హరింపలేరు. ఈ రెండవదానికే మనవారు పరపతి యని పేరిడిరి. చేత కాసు లేనప్పుడు సయితము, అడిగిన మాత్రమున అంగడివాడు బియ్యపు బస్తా భుజమున కెత్తి పంపుట పరపతి. వర్తకమే వృత్తిగా బ్రదికిన మన కులమునకు ఇదియే మూలధనము. తులాదండమును రాళ్లును ఆ తరువాత వచ్చినవి.

ఈ యేటి మహాసభ సంచికకు సీలేరు ప్రాంతపు చరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని సంఘమువారు మమ్ము కోరిరి. రాజుల కథలను, యుద్ధముల కథలను వ్రాసినవారు పెక్కురు కలరు. ఈ కొండలలో అప్పు ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, ఎవరిని నిలిపినది, ఎవరిని ముంచినది అను కథను ఒక్కచోట కూర్చి చెప్పినవారు తక్కువ. అందుచేత మేమీ విషయము నెన్నుకొంటిమి. దీనికి వర్తమాన ప్రయోజనము కూడ కలదు. నేడు మన పిల్లలు గృహము కట్టుకొనుటకో, అంగడి పెంచుకొనుటకో బ్యాంకునకు పోయినచో, అచ్చటివారు మొట్టమొదట అడుగునది వారి ఆస్తిని గాదు, వారి ఋణచరిత్రను. ఆ చరిత్ర లేనివానితో, క్రెడిట్ కార్డు తీసికొనుము, అది యొక్కటియే మార్గమని చెప్పువారు చాలమంది బయలుదేరిరి. అది యొక్కటియే మార్గమా? చరిత్రమును తఱచిచూచిన పిదప, కాదనియే మా నిశ్చయము.

ధర్మశాస్త్రముల మాట

మన ధర్మశాస్త్రకారులు వివాదముల నన్నిటిని పదునెనిమిది పదములుగా విభజించిరి. మనుస్మృతిలో వానియందు మొదటిది ఋణాదానము. భూమి తగవులు, దాయభాగము, చౌర్యము మున్నగునవన్నియు దాని తరువాతివే. నలుగురు కలసి బ్రదుకుచోట మొట్టమొదట తగవు తెచ్చునది అప్పేయని వారెఱుగుదురు.

వడ్డీ విషయమున వారు చెప్పిన విధులు విచారింపదగినవి. తాకట్టు పెట్టినచో నెలకు ఎనుబదియవ పాలు, అనగా నూటికి ఒకటింబావు వడ్డీ న్యాయమనిరి. తాకట్టు లేనిచో వడ్డీ హెచ్చును. యాజ్ఞవల్క్యుడు అరణ్యమార్గమున పోవు వర్తకులకు నెలకు నూటికి పది, సముద్రము దాటువారికి ఇరువది యని విధించెను. కౌటిల్యుని అర్థశాస్త్రమునందును అడవులకు పదియు, సముద్రమునకు ఇరువదియు నను లెక్కయే కానవచ్చును. ఇది దురాశవలన పుట్టిన లెక్క కాదు. అపాయమును కొలిచిన లెక్క. అడవిలోనికి పోయిన సరకు తిరిగివచ్చునను నమ్మకము తక్కువ గావున వడ్డీ యెక్కువ. నేటి బ్యాంకులు నమ్మదగినవానికి తక్కువ వడ్డీకిని, తెలియనివానికి ఎక్కువ వడ్డీకిని అప్పిచ్చుట ఈ న్యాయముననే.

అయినను ఆ వడ్డీకి వారు హద్దు పెట్టకపోలేదు. ఒక్కమాఱుగా తీసికొను వడ్డీ అసలును మించరాదని మనువు శాసించెను. అసలునకు అసలు వడ్డీయైన పిమ్మట ఇక పెరుగరాదను ఈ న్యాయమే దామ్‌దుపత్ అను పేర పశ్చిమదేశమున న్యాయస్థానములలో సయితము చెల్లినది.

ఇంతకన్న మాకు ముఖ్యముగా తోచునది మఱియొకటి కలదు. బాకీదారు కొంత కొంతగా అప్పు తీర్చుచున్నచో, తీర్చినప్పుడెల్ల ఆ సంగతిని పత్రము వెనుక వ్రాయవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. లేదా ధనికుడు తన స్వహస్తముతో చెల్లుచీటి వ్రాసియీయవలెను. అప్పు పూర్తిగా తీరినపిదప పత్రమును చించివేయవలెను. సాక్షులయెదుట తెచ్చిన అప్పును సాక్షులయెదుటనే తీర్చవలెను. ప్రామిసరీ నోటు వెనుక చెల్లు వ్రాయు ఆచారము నేటికిని మన యూళ్లలో కలదు. దాని వయస్సు ఎంతయో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

జామీను విషయమునను శాస్త్రము సూక్ష్మముగా విచారించినది. ప్రతిభువులు, అనగా జామీనుదారులు, మూడు తెఱగులవారు. మనిషిని తెచ్చి నిలుపుదునని పూచీపడువాడు దర్శన ప్రతిభువు. ఇతడు నమ్మదగినవాడని పలుకువాడు ప్రత్యయ ప్రతిభువు. వాడీయనిచో నేనిత్తునని పూచీపడువాడు దాన ప్రతిభువు. మొదటి యిద్దఱి పూచీ వారితోనే తీరును. మూడవవాని పూచీ కొడుకులవఱకును పోవును. ఒకరికొఱకు సంతకము చేయుటకు ముందు తాను ఏ తరగతి జామీనుదారుడో తెలిసికొననివాడు నేటికిని చెడుచునే యున్నాడు.

ఈ విధులను కలిపిచూచినచో పరపతికి మూడు స్తంభములు కానవచ్చును: హద్దు గల వడ్డీ, ఇరువురికిని కనబడు పద్దు, ఎఱిగి పడిన పూచీ. ఈ మూటిలో ఏ యొక్కటి కూలినను అప్పు వర్తకము గాక వేటయగును. మన్యసీమలో జరిగినది ఇదియే.

కొండలలో అప్పు

తూర్పుకనుమలలో మాచ్‌ఖండ్ అను పేర పుట్టి, సీలేరు అను పేర సాగి, శబరిలో కలసి గోదావరిని చేరు నదిని మనమెఱుగుదుము. దాని కిరుప్రక్కల నున్న గూడెము, రంప, జయపురపు కొండలలో భగతలు, కొండదొరలు, కోయలు, వాల్మీకులు, కొండరెడ్లు మొదలగువారు నివసింతురు. అడవియందు చింతపండు, తేనె, కరక్కాయ, కుంకుడు, అడ్డాకు, జిగురు సమృద్ధిగా దొరకును. దొరకనిది ఉప్పు; దొరకనిది బట్ట. మైదానమునుండి ఉప్పు మోసికొనివచ్చు బంజారాల పెరికెయెడ్లు కనుమలెక్కుచుండెడివి. వారి వెనుక దుకాణదారులు వచ్చిరి. మనవారు కూడ వచ్చిరి.

ఈ వర్తకమున అప్పు తప్పనిసరియైనది. పోడు పంట చేతికి వచ్చునది శీతకాలమున. వానలు ముదిరిన ఆషాఢ శ్రావణములలో గాదెలు వట్టిపోవును. ఆ నెలలలో తెచ్చుకొన్న ధాన్యమునకు పంటకాలమున ధాన్యముగనే బదులు కొలువవలెను. ఇచ్చునప్పటి మానికకును పుచ్చుకొనునప్పటి మానికకును ఎంత భేదమున్నను అడుగువాడు లేడు. పద్దు వ్రాయువాడు వర్తకుడు, చదువువాడును వర్తకుడే. కొండవానికి అక్షరము రాదు. శాస్త్రము చెప్పిన రెండవ స్తంభము, ఇరువురికిని కనబడు పద్దు, ఇచ్చట మొదటినుండియు లేకపోయెను.

1839లో కుంఫిణీ ప్రభుత్వము గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను సామాన్య న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి కలెక్టరును ఏజెంటుగా నియమించెను. ఏజెన్సీ యను పేరు అందుండియే వచ్చినది. కాని గోదావరి జిల్లాలోని రంపసీమలో కథ వేఱు. అచ్చటి కొండవారిపై క్రిందిదేశపు వర్తకులు పత్రములు వ్రాయించుకొని, మైదానపు కోర్టులలో దావాలువేసి, ప్రతివాది రాకుండగనే డిక్రీలు పొంది, పశువులను పంటలను జప్తు చేయించుచుండిరి. 1879లో చెలరేగిన రంప తిరుగుబాటునకు కల్లుపై వేసిన చిగురుపన్ను, మునసబుదారుని దౌర్జన్యము, పోలీసుల పీడనములతోబాటు ఈ అప్పుల డిక్రీలును కారణమని విచారణ జరిపిన అధికారులే వ్రాసిరి. మనము ఆ వ్రాతను చదివి తలవంచవలసిన చోటు ఇది. ఆ వర్తకులు ఏ కులమువారని వెదకి, మావారు కారని చెప్పుకొనుట సులభము. కొండకు తక్కెడ పట్టుకొనిపోయిన కులములన్నియు ఆ పాపమున పాలు పంచుకొనవలసినవే.

అప్పు ముదిరినప్పుడు ఏమగును? మైదానములో భూమి పోవును. కొండపై మనిషి పోవును. అప్పు తీర్చలేనివాడు తానుగాని, తన కొడుకుగాని అప్పిచ్చినవాని యింట పనికి కుదురుకొనవలెను. ఆ పని వడ్డీక్రింద జమ. అసలు అట్లే యుండును. జయపురపు కొండలలో దీనికి గోతి యని పేరు. తెనుగువానికి ఆ పేరు వినినంతనే గొయ్యి జ్ఞప్తికి వచ్చును, అది న్యాయమే. అందు పడినవాడు తరములవఱకు లేవలేదు.

ప్రభుత్వము ఆలస్యముగనైనను మేల్కొనెను. 1917లో చెన్నపురి ప్రభుత్వము ఏజెన్సీ వడ్డీ, భూమి బదిలీ చట్టమును చేసెను. కొండజాతులవారిపై సాలునకు నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ యిప్పింపరాదు, చక్రవడ్డీ పనికిరాదు, మొత్తము వడ్డీ అసలును మించరాదు, ఏజెంటు అనుమతి లేక కొండవారి భూమి ఇతరులకు చెందరాదు. మూడవ నియమమును చూచినచో మనుస్మృతిలోని హద్దే మరల వచ్చినదని తెలియగలదు. 1938లో వచ్చిన చెన్నపురి వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టమునను, అసలునకు రెట్టింపు చెల్లించినవాని అప్పు తీరినట్లే యను ఈ న్యాయమే కనబడును. 1940లో ఏజెన్సీలో ఋణదాస్యమును తొలగించు రెగ్యులేషను వచ్చెను. దేశమంతటికిని వెట్టిని రద్దుచేసిన చట్టము 1976 నాటిది.

చట్టము వేఱు, నమ్మకము వేఱు. 1922లో అల్లూరి సీతారామరాజుగారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై పడినప్పుడు కొండవారు ఆయన వెంట నేల నడచిరి? అడవిపై నిర్బంధములు ఒక కారణము. నర్సీపట్టణమునుండి లంబసింగి వైపునకు బాట వేయించుచు కూలివారికి సరిగా కూలి ఈయకపోవుట మఱియొక కారణము. చేయించుకొన్న పనికి కూలి ఈయని ప్రభుత్వమునకు పరపతి యెక్కడిది? బాకీ చెల్లింపనివాడు దొరయైనను బాకీదారుడే. 1924 మే 7వ తేదీన రాజుగారి ప్రాణములు తీసి తిరుగుబాటు నణచిరి గాని, ఆ బాకీ మాత్రము చరిత్రమున అట్లే నిలిచినది.

స్వతంత్రము వచ్చినపిదప 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ యేర్పడెను. అడవి సరకును కొనుట, ఉప్పు పప్పులను సరసమైన ధరకు అమ్ముట, పంటకు చిన్న యప్పు లిచ్చుట దాని పనులు. వర్తకుడు చేయుచున్న పనులు మూడింటిని ఒక సహకార సంస్థ చేయబూనుట ఇచ్చట గమనింపదగినది. 1959 నాటి భూమి బదిలీ రెగ్యులేషను, 1960 నాటి వడ్డీవ్యాపారుల రెగ్యులేషను, 1970 నాటి సవరణ వరుసగా వచ్చినవి. వీనివలన ఏజెన్సీలో గిరిజనుని భూమి గిరిజనేతరునికి చెల్లదు. లైసెన్సు లేక వడ్డీవ్యాపారము చేయరాదు. ఈ నిబంధనలు మనకు కష్టము కలిగించినవని సభలలో వాపోవువారు కలరు. పై కథ నెఱిగినవారు అట్లు వాపోవరాదని మా మనవి.

ఒక్కని పేరు, పదిమంది పేరు

ఆస్తి లేనివానికి అప్పెట్లు పుట్టును? ఈ ప్రశ్నకు జర్మనీ దేశపు పల్లెలలో రైఫైజన్ అను మహాశయుడు పందొమ్మిదవ శతాబ్దమున ఒక సమాధానము కనుగొనెను. ఒక్కనికి పరపతి లేకున్నను, ఒకరినొకరెఱిగిన పదిమంది కూడి పూచీపడినచో వారికి పరపతి కలుగును. మన దేశమున 1904లో వచ్చిన సహకార పరపతి సంఘముల చట్టము ఈ సూత్రముపైననే నిలిచినది. పరపతి యను మన పాతమాట ప్రభుత్వపు పుస్తకములకెక్కుటయు ఈ సంఘములతోడనే. శాస్త్రములోని ప్రత్యయ ప్రతిభువు సంఘరూపమున మరల అవతరించెనని చెప్పవచ్చును.

పేరుగొప్ప వేఱు, పరపతి వేఱు అని చాటిన సంఘటన 1906లో జరిగెను. చెన్నపట్టణమున చిరకాలము నిలిచిన అర్బత్నాట్ అను ఆంగ్లేయ వ్యాపారసంస్థ దివాలా తీసి వేలకొలది కుటుంబములను ముంచెను. ఆ దెబ్బనుండి పుట్టినది 1907లోని ఇండియన్ బ్యాంకు. 1923లో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 2020లో యూనియన్ బ్యాంకున విలీనమగువఱకు తెలుగువారి పేరును మోసినది.

సంఘ పరపతి ఆంధ్రదేశమున మిక్కిలి ఫలించినది స్త్రీల చేతులలోనే యని చెప్పవలెను. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘములను బ్యాంకులతో కూర్చు పద్ధతిని ప్రయోగముగా మొదలుపెట్టెను. పదిమంది స్త్రీలు కూడుదురు; వారము వారమో, నెల నెలకో కొంత పొదుపు చేయుదురు; ఆ పొదుపునుండి తమలో తాము అప్పులిచ్చుకొని తీర్చుకొందురు; ఆ పద్దుపుస్తకమును చూచి బ్యాంకు వారికి అప్పిచ్చును. పొలము గాని, నగ గాని తాకట్టు లేదు. పద్దు తప్పులేకుండుటయే తాకట్టు. ఈ పద్ధతి మన్యపు గూడెములకు సయితము ప్రాకినది. ఒకనాడు పద్దు చూడనేరని కొండయింటి ఆడుబిడ్డ నేడు పద్దు వ్రాయుచున్నది. రంప తిరుగుబాటు నాటికిని నేటికిని నడుమ జరిగిన మార్పులలో ఇంతకు మించినది మాకు కానరాదు.

నేటి ఋణచరిత్ర

ఇక నేటి పద్ధతికి వత్తము. 2000లో సిబిల్ అను సంస్థ మన దేశమున స్థాపితమయ్యెను. 2005లో పార్లమెంటు ఋణసమాచార సంస్థల చట్టమును చేసెను. నేడు రిజర్వు బ్యాంకు అనుమతి గల ఇట్టి సంస్థలు నాలుగు కలవు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తామిచ్చిన ప్రతి అప్పును, దాని వాయిదాలు తీరిన తీరును వీనికి తెలుపును. 2025 జనవరి మొదలు పక్షమునకు మించి ఆలస్యము కాకుండ తెలుపవలెనని విధించిరి. ఆ వివరములనుండి 300 మొదలు 900 వఱకు నొక అంకె కట్టుదురు. అంకె పెరిగినకొలది నమ్మకము పెరిగినట్లు.

పూర్వము సంత యంతయు మనిషి నెఱిగియుండెడిది. ఇప్పుడు ఆ యెఱుక ఎక్కడనో యొక యంత్రమున చేరినది. మంచియే, పద్దు ఒక్క వర్తకుని పెట్టెలో లేదు. చెడుగును కలదు, ఆ యంత్రమునకు తెలియనివాడు లోకమున లేనివానితో సమానము.

మాయొద్ద చదివిన యువకుడొకడు తండ్రి తాతలనాటి అంగడిని నడుపుచున్నాడు. ఎన్నడును ఒకరికి బాకీ పడలేదు. గిడ్డంగి కట్టదలచి యొక బ్యాంకునకు పోగా, నీకు ఋణచరిత్ర లేదు, ముందొక కార్డు తీసికొని వాడుము అని చెప్పి పంపిరట. అప్పు చేయకుండుట అపరాధమా యని యతడు మమ్మడిగెను. అపరాధము కాదు. కాని సాక్షులయెదుట తీర్చని అప్పునకు సాక్ష్యములేనట్లే, పద్దునకెక్కని మంచితనమునకు పరులయొద్ద విలువ లేదు. ఋణచరిత్ర లేదను ఒక్క కారణమున మొదటిసారి అడుగువాని దరఖాస్తును త్రోసివేయరాదని రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు చెప్పినది. ఈ సంగతిని మనవారందఱును తెలిసికొని, అవసరమైనచో వినయముతోనే గుర్తుచేయవలెను.

అయినను, త్రోసివేయకుండుట వేఱు, నమ్మి ఇచ్చుట వేఱు. కార్డు లేకయే ఆ నమ్మకమును సంపాదించు తెఱగులు కలవు. వానిని మాకు తెలిసినంతవఱకు విన్నవింతుము.

మొదటిది, తన డిపాజిట్టుపై తానే అప్పు తెచ్చుకొనుట. బ్యాంకున కొంత సొమ్ము గడువునకు నిలువయుంచి, దానిపై చిన్నయప్పు తీసికొని, వాయిదా తప్పక తీర్చవలెను. బ్యాంకునకు అపాయము లేదు గావున కాదనదు. వడ్డీ భేదము స్వల్పము. పేరు మాత్రము పద్దునకెక్కును. బంగారముపై బ్యాంకున తెచ్చుకొను అప్పును ఇట్టిదే. అదే బంగారమును వీధిలోని కుదువవ్యాపారియొద్ద పెట్టినచో సొమ్ము దొరకును గాని పేరు పెరుగదు.

రెండవది, రైతులకు పంటఋణము. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చినది. పేరున కార్డను మాట యున్నను ఇది బజారులో వస్తువులు కొను కార్డు వంటిది కాదు. పంటకాలమును అనుసరించి తీసికొని తీర్చు అప్పు. గడువులో తీర్చినవారికి వడ్డీలో రాయితీయు కలదు.

మూడవది, చిన్నవర్తకులకు 2015లో ఏర్పడిన ముద్రా ఋణములు. వీధివర్తకులకు 2020లో ఏర్పడిన స్వనిధి. ఈ రెండవదాని యేర్పాటు చూడదగినది. ఆరంభమున మొదటియప్పు 10,000 రూపాయలు. సకాలమున తీర్చినవానికి 20,000. అదియు తీర్చినవానికి 50,000. మన తాతలు క్రొత్త బేరగానికి మొదట కుంచెడు, పిమ్మట తూమెడు, ఆపై పుట్టెడు అరువిచ్చుట ఎఱిగినవారికి ఇందు వింతలేదు.

నాలుగవది, స్త్రీలకు స్వయం సహాయక సంఘము. సంఘములోని ఒక్కొక్క సభ్యురాలి వివరమును ఋణసమాచార సంస్థలకు తెలుపవలెనని రిజర్వు బ్యాంకు 2016లో ఆదేశించెను. కావున సంఘపు అప్పు సంఘమునకే గాక సభ్యురాలికిని పేరు తెచ్చుచున్నది. ఇరుగుపొరుగువారు నమ్మకముపై వేసికొను చీటీపాట ఎంత నిక్కముగా కట్టినను ఈ లెక్కలోనికి రాదు. అది మానుమని మేమనము. అది చాలదని మాత్రమే చెప్పుచున్నాము.

వీనితోబాటు పాటింపవలసిన నియమములు స్వల్పములు. వాయిదా దినమునకు ఒక దినము ముందే సొమ్ము ఖాతాలో నుండవలెను. ఒక్కమాఱుగా నాలుగుచోట్ల అప్పునకు దరఖాస్తు పెట్టరాదు. ప్రతి విచారణయు పద్దునకెక్కును. తన లెక్కను తాను చూచుకొన్నందున అంకె తఱుగదు. సంవత్సరమున కొకమాఱు ఒక్కొక్క సంస్థనుండి పూర్తి వివరము ఉచితముగా పొందవచ్చును. అందు తప్పున్నచో ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో సరిదిద్దనిచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమీయవలెనని నియమము కలదు. అప్పు తీరినపిదప బాకీ లేదను పత్రమును వ్రాయించుకొనవలెను; రాజీపడి కొంత తగ్గించి కట్టిన అప్పు పూర్తిగా తీరిన అప్పుతో సమానముగా వ్రాయబడదు. ఒకరికి జామీను పడినచో వారి వాయిదా తప్పుట మన పేరుననే వ్రాయబడును. పత్రము వెనుక చెల్లు వ్రాయుము, తీరినపిదప చింపుము, పూచీ నెఱిగి పడుము అను యాజ్ఞవల్క్యుని విధులకు ఇవియన్నియు వ్యాఖ్యానము వంటివే.

అతివేగపు అప్పు

పరపతి పెంచుకొనుటకై అప్పు వెంట పరుగెత్తువారికి హెచ్చరికగా 2010 నాటి కథను చెప్పక తప్పదు. ఆ కాలమున ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థలు ఒకే స్త్రీకి ఒకదానిపై నొకటిగా అప్పులిచ్చి, వారము వారము వాయిదాలకై ఇండ్లమీదికి పోయినవి. ఒకదానిని తీర్చుటకు మఱియొకటి తెచ్చిన కుటుంబములలో ప్రాణత్యాగములు సయితము జరిగెను. ఆ యేటి అక్టోబరున ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. ఒకరి పద్దు వేఱొకరికి తెలియకపోవుట ఆ కీడునకు ఒక కారణము. సూక్ష్మఋణములను సయితము ఋణసమాచార సంస్థలకు తెలుపవలెనను నియమము ఆ పిమ్మటనే గట్టిపడినది. నేడు చేతిఫోనులో నిమిషములలో అప్పిత్తుమని పిలుచు యాప్‌లు బయలుదేరినవి. రిజర్వు బ్యాంకు 2022లో వీనికి నిబంధనలు చేసినను, ఆ నిబంధనలకు లొంగనివి కలవు. పేరు తెలియనివానియొద్ద అప్పు తెచ్చి పేరు సంపాదింపజూచుట ఎండమావిలో నీరు తోడుటయే.

మన సంఘము చేయదగినది

పోషకులకును, సభ్యులకును మా విన్నపములు మూడు.

ఒకటి. మన సంఘనిధినుండి పిల్లలకు చేబదుళ్లిచ్చుట చిరకాలముగా నున్న ఆచారము. అది దయయే, కాని ఆ చేబదులు ఎంత నిజాయితీగా తీర్చినను బయటిలోకమున వానికి పేరు రాదు. దానికి బదులు, యోగ్యుడైన ప్రతి యువకునిపేర, ప్రతి యువతిపేర కొద్దిపాటి డిపాజిట్టు వేయించి, దానిపై వారు బ్యాంకున చిన్నయప్పు తెచ్చి సంవత్సరములో తీర్చునట్లు చేసినచో, అసలు నిధి తఱుగదు, వారికి చరిత్ర కలుగును. తీరిన డిపాజిట్టు మఱియొకరికి పనికివచ్చును.

రెండు. మన యిండ్లలో అంగడి లెక్కలన్నియు పురుషుల పేరుననే యున్నవి. భర్త గతించినపిదప ఇరువదియేండ్లు అంగడిని నడిపిన యిల్లాలికి బ్యాంకున పేరే లేకుండుట మనము కన్నులార చూచుచున్నాము. ఖాతాలోను, అప్పులోను, చెల్లుచీటిలోను ఆమె పేరు నేడే చేర్పింపవలెను. ఆపద వచ్చినపిదప చరిత్ర కట్టుట సాధ్యముకాదు.

మూడు. కొండలలో అంగళ్లు గల మనవారు గిరిజనులకు అరువిచ్చు పద్ధతిని సరిదిద్దుకొనవలెను. అరువునకు వడ్డీ వలదు. అరువు పద్దు రెండు పుస్తకములలో నుండవలెను. ఒకటి అంగడిలో, ఒకటి కొనువాని చేతిలో. ఇచ్చినప్పుడు వ్రాసినట్లే పుచ్చుకొన్నప్పుడును వ్రాయవలెను. చదువుకొన్న వాని బిడ్డచేత చదివించి ఒప్పించవలెను. పెద్ద అక్కర గలవానిని మన పెట్టెయొద్దకు గాక గిరిజన సహకార సంస్థకో, బ్యాంకునకో త్రోవచూపి పంపవలెను. అందువలన మనకు వడ్డీలాభము లేదు; నమ్మకపు లాభము కలదు. భూమిని స్వేచ్ఛగా అమ్ముటకు వీలులేని ఏజెన్సీలో కొండవానికి పేరే ఆస్తి. ఆ పేరును నిలుపుకొనుటకు సాయపడినవాని పేరు తానంతట నిలుచును.

1967-68 సంవత్సరములలో ఎగువ సీలేరున విద్యుత్తు పుట్టినప్పుడు, యుగముల తరబడి వృథాగా దుముకుచున్న నీరు ఇంత శక్తిని తనలో దాచుకొన్నదా యని జనులాశ్చర్యపడిరి. నీరు క్రొత్తది కాదు. దానిని నిలిపి, కొలిచి, గొట్టములలో క్రమముగా విడుచుటయే క్రొత్త. మన కులమువారి నిజాయితీయు పాతదే. దానిని నిలిపి, పద్దునకెక్కించి, క్రమము తప్పక నడుపుటయే నేడు చేయవలసిన పని. ఈ మహాసభ ఆ పనికి పూనుకొనుగాక, మన పిల్లలు పెట్టెలోని ధనముకన్న పేరులోని ధనమున అధికులగుదురుగాక యని ఆశించుచు విరమించుచున్నాము.